కార్డు ముక్క కథ

ఈ కథ 1980ల నాటి ఒక పోస్టుకార్డుది. 15 పైసల ధరకు అమ్ముడై, తెలంగాణ ప్రాంతంలోని ఒక సంఘ కాపరి చేతిరాతతో నిండి, పల్లెలోని ఒక విశ్వాసి ఇంటికి చేరిన ఆ కార్డు పుట్టుపూర్వోత్తరాలు, చేసిన పని, ఆ పనికున్న హద్దులు ఇక్కడ వివరంగా ఉన్నాయి.

దాని వంశానికి మూలం 1869 అక్టోబరు 1న ఆస్ట్రియా-హంగేరీలో వెలువడిన తొలి కార్డు కాగా, భారతదేశపు శాఖ 1879 జులై 1న కాలణా ధరతో మొదలైంది. దానికి దాదాపు ఏడాది ముందు, 1878 జులైలో, ఒంగోలు సమీపాన గుండ్లకమ్మ నదిలో అమెరికన్ బాప్టిస్టు మిషను ఒకే రోజున 2,222 మందికి బాప్తిస్మమిచ్చింది. అలా తెలుగు నేలపై క్రైస్తవ సంఘాలు పల్లెపల్లెకూ విస్తరించి, కొద్దిమంది బోధకులు దూరదూరాన ఉన్న విశ్వాసులను కనిపెట్టుకోవలసిన అవసరం పెరుగుతున్న కాలంలోనే చవకైన కార్డు కూడా అందుబాటులోకి వచ్చింది.

ఈ కార్డు రాసిన కాపరి 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘానికి చెందినవాడు. ఆ సంఘంలో బిషప్పు పాలించే ప్రాంతాన్ని అధ్యక్ష మండలమనీ, ఒక గురువు (కాపరి) పరిధిలోని ఊళ్ల సముదాయాన్ని పాస్టరేటనీ అంటారు. వారంవారం ఆరాధనను ఊళ్లోని ఉపదేశి జరిపించగలిగినా, ప్రభు భోజన సంస్కారాన్ని అభిషేకం పొందిన గురువే ఇవ్వాలి గనుక, ఆయన ఏ ఊరికి ఏ ఆదివారం వస్తారో ముందుగా తెలియజేయడమే ఈ కార్డుకు అప్పగించిన ప్రధాన కార్యం.

14 సెంటీమీటర్ల పొడవు, 9 సెంటీమీటర్ల వెడల్పు గల ఆ అట్టపై, 1972 ఆగస్టు 15 నుంచి వాడుకలోకి వచ్చిన పిన్‌కోడు అంకెలను గడుల్లో నింపాక, కాపరి ‘ప్రభువునందు ప్రియమైన సహోదరునికి వందనములు’ అని మొదలుపెట్టి, సంస్కార ఆరాధన తేదీని, బాప్తిస్మానికి సిద్ధపడవలసినవారి పేర్లను, కోత పండుగకు తేవలసిన కానుకల సంగతిని వరుసగా రాశాడు. చోటు చాలక, జబ్బుపడిన వృద్ధురాలిని గూర్చిన పరామర్శ వాక్యం అంచు వెంట నిలువుగా పైకి పాకింది.

కవరు లేకపోవడం ఈ కార్డుకు లోపమూ, బలమూ కూడా. తపాలా బంట్రోతు మొదలు ఇంటివాకిట కూర్చున్న పొరుగువారి దాకా ఎవరైనా చదవగలరు గనుక, దంపతుల తగవు, అప్పుల బాధ, పాపపు ఒప్పుకోలు వంటి ఆంతరంగిక విషయాలను కాపరి దానికి ఎన్నడూ అప్పగించలేదు. అవి మడిచి అంటించే ఇన్‌లాండు లెటరుకో, ముఖాముఖి మాటకో మిగిలాయి. అయితే చదువురాని ఇంట దాన్ని ఎవరో ఒకరు పైకి చదివి వినిపించవలసి రావడంతో, ఒక్కరి చిరునామాకు వచ్చిన కబురు సాయంత్రానికల్లా పేటంతటికీ తెలిసిపోయేది. కొత్త నిబంధనలోని పత్రికలు, అనగా అపొస్తలులు సంఘాలకు రాసిన ఉత్తరాలు, చాలావరకు ఇలాగే బిగ్గరగా చదవడానికి ఉద్దేశించినవి. తన పత్రికను లవొదికయ సంఘంలోనూ చదివించాలని కొలొస్సయులను పౌలు కోరాడు.

తెలుగు ఇళ్లలో శుభవార్త మోసిన కార్డుకు నాలుగు మూలలా పసుపు, చావుకబురు మోసినదానికి చదివిన వెంటనే చినిగిపోవడం ఆనవాయితీ కాగా, కాపరి కార్డు ఆ రెండు తెగలకూ చెందక, ఆదివారం గడిచేదాకా ఇంటి చూరులోనో, బైబిలు పుటల మధ్యనో నిలిచేది. జవాబు కోరినప్పుడు రెండు కార్డులు కలిసి ఉండే జవాబు కార్డును వాడేవారు. అందుకొన్నవారు రెండో సగాన్ని చించి, తమ మాట రాసి, పైసా ఖర్చు లేకుండా తిరిగి పంపగలిగేవారు.

యోహాను రెండవ, మూడవ పత్రికలు రెండూ రాయవలసినది ఇంకా ఉన్నా సిరాతో రాయక స్వయంగా వచ్చి మాట్లాడతానన్న భావంతోనే ముగుస్తాయి. ఈ కార్డు ఉపయోగమూ అంతవరకే: అది కాపరి రాకకు ముందస్తు మాటే తప్ప ఆ రాకకు బదులు కాదు. రాసిన తేదీకి ఆయన వస్తే తరువాతి కార్డుకు విలువ పెరిగేది. రాకపోతే, ఎంత ప్రేమగా రాసినా, మరోసారి వచ్చిన కార్డును నమ్మి కూలి మానుకొని గుడికి వచ్చేవారు తగ్గేవారు.