ఆగిన లారీకి పాపం అంటదు

చోడవరం 2022 ఏప్రిల్ 4న విశాఖపట్నం జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాలోకి మారింది. రోడ్డు మార్జిన్‌లో లారీ ఆపే శాస్త్రం మాత్రం మారలేదు. సబ్బవరం, చోడవరం, వడ్డాది మీదుగా నర్సీపట్నం పోయే బీఎన్ రోడ్డు మీదైనా, అనకాపల్లి దగ్గర జాతీయ రహదారి మీదైనా ఈ శాస్త్రానికి మూలసూత్రం ఒకటే: బాధ్యత కదిలే బండిది, ఆగిన బండికి ఏ పాపమూ అంటదు.

మొదటిది స్థల నిర్ణయం. మలుపు, కల్వర్టు, టీ కొట్టు మూడూ కలిసొచ్చిన చోటు శ్రేష్ఠం. లారీకి చట్టం ఒప్పుకునే వెడల్పు 2.6 మీటర్లు, రెండు వరుసల రోడ్డులో ఒక్కో వరుస 3.5 మీటర్లు. వానకు అంచు కోసుకుపోయిన మార్జిన్‌లోకి దించితే చక్రం దిగబడుతుందని డ్రైవరు భయం. అందుకని ఎడమ చక్రాలు మట్టి మీద, మిగతా లారీ తారు మీద ఉంచి, పక్కకే ఆపానంటాడు.

రెండోది హెచ్చరిక. బండిలో తప్పనిసరిగా ఉండాల్సిన మెరిసే ఎర్ర త్రికోణం సీటు కింద దుమ్ము పడకుండా భద్రంగా ఉంటుంది. దాని డ్యూటీ నాలుగు బండరాళ్లూ ఒక వేపకొమ్మా చేస్తాయి. బ్యాటరీ దిగిపోతుందని లైట్లు ఆర్పేస్తారు. బ్యాటరీ కొనాలంటే డబ్బులు కావాలి మరి. గోవాడ చక్కెర ఫ్యాక్టరీ క్రషింగ్ రోజుల్లో కాటా కోసం బారులు తీరిన లోడ్ల వెనక వేలాడే చెరకు ఆకు, ఉన్న రిఫ్లెక్టర్లను కూడా కప్పేసేది. దిష్టికి కట్టిన నిమ్మకాయ, మిరపకాయలు ముందు బంపరుకు నిక్షేపంగా ఉంటాయి. గుద్దేవాడు వచ్చేది వెనకనుంచి. పంక్చరు పని అయ్యాక లారీ వెళ్లిపోతుంది. రాళ్లు మాత్రం అక్కడే ఉండి, తెల్లవారుజామున పాల క్యాన్లతో వచ్చే మోటారు సైకిలు కోసం కాచుకుంటాయి.

మూడోది లెక్క. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. చూసి, కాలు బ్రేకు మీదికి తెచ్చేసరికి సెకనున్నర, అంటే 25 మీటర్లు. బ్రేకు పట్టాక ఆగడానికి మరో 20 మీటర్లకు పైనే. డిప్‌లో పెట్టిన లైటుకు మట్టి కొట్టుకున్న లారీ వెనక భాగం అంత దూరం నుంచి కనిపిస్తే అది అదృష్టం.

నాలుగోది నేర నిర్ణయం. 'ఆగి ఉన్న లారీని ఢీకొని' అని మర్నాడు పేపర్లో వస్తుంది; లారీ పాపం ఎవరి జోలికీ పోలేదు, చనిపోయినవాడే అతివేగంతో, నిద్రమత్తుతో వచ్చాడు. చట్టం ఇంత దయగలది కాదు. ప్రమాదకరంగా బండి నిలపడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్ నిషేధించింది. రాకపోకలకు అడ్డం పెడితే 201వ సెక్షన్ కింద జరిమానా 2019 సవరణ తర్వాత 500 రూపాయల వరకూ. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షన్ కింద 5,000 రూపాయల వరకూ పడవచ్చు. వసూలు చేసేవాడు ఆ దారిన రావడమే తరువాయి.

చివరిది, ఎవరూ పాటించని సరైన పద్ధతి. 2025 నవంబరులో రద్దయ్యేదాకా 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం ప్రకారం డ్రైవరుకు రోజుకు 8 గంటల పని, 5 గంటలకోసారి కనీసం అరగంట విశ్రాంతి ఉండేవి. ఆ విశ్రాంతికి తగిన లారీ స్టాండు కట్టాల్సింది ప్రభుత్వం, ట్రిప్పుకు టైము ఇవ్వాల్సింది యజమాని. బండి చెడితే వీలైనంతవరకు తారు మీంచి దించాలి, నాలుగు ఇండికేటర్లూ వెలిగించాలి, త్రికోణాన్ని చాలా వెనక పెట్టాలి, వెళ్లేముందు రాళ్లు తీసేయాలి. ఇదంతా ఐదు నిమిషాల పని. లారీ ఆపిన ప్రతి డ్రైవరూ అడిగేది కూడా ఐదు నిమిషాలే. అవి టీకే సరిపోతాయి.