కొండ కింద సరుకుంటే చాలు

విదేశీ పెట్టుబడి పేద దేశాలకు ఎందుకొస్తుందంటే ఆర్థికవేత్తలు వేళ్లు మడిచి చెబుతారు: పెద్ద మార్కెట్, చవక కూలి, ముడిసరుకు, దగ్గర్లో రేవు, నిలకడైన చట్టం. అరకు కొండల్లో మార్కెట్ అంటే వారపు సంత. అక్కడి అడ్డాకులు, కొండచీపుళ్లు, పిప్పళ్ల కోసం ఏ షేకూ విమానం ఎక్కడు. ముడిసరుకు మాటెత్తితేనే ఎక్కుతాడు.

ముడిసరుకు మీద ప్రేమ ఎంతటిదో చూడండి. 1960లో జపాన్ బైలడిల్లా ఇనుప ఖనిజం కొంటానంది. అంతే, కొండల్ని తొలిచి కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం వేశారు. నేడు అద్దాల బోగీలో మనం సెల్ఫీలు దిగుతున్నామంటే ఆ ఖనిజం చలవే. అవే కొండల్లో నిండు గర్భిణిని డోలీలో పడుకోబెట్టి, కర్రకు చెరోవైపు భుజం పట్టి, వాగు దాటిస్తుంటే మాత్రం రోడ్డుకు నిధుల్లేవు. ఆమె ఊరి కింద బాక్సైట్ లేదు కాబోలు!

బాక్సైట్ ఉన్న ఊళ్ల వైభవం వేరు. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు గనుల లీజు చెల్లదని 1997లోనే సమత కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అయితేనేం, ప్రభుత్వ సంస్థే తవ్వి ఇస్తుందని మన సర్కారు సందు కనిపెట్టి, 2007లో గల్ఫ్‌లోని యూఏఈకి చెందిన రస్ అల్ ఖైమాతో ఒప్పందం రాసుకుంది. జెర్రెల కొండ మీద గునపం పడకముందే మాకవరపాలెంలో శుద్ధి కర్మాగారం లేచింది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! 2015లో తవ్వకాలకు జీవో 97 వచ్చింది. మన్యం భగ్గుమంది, జీవో మూలపడింది. 2019లో రద్దయింది.

ఈలోగా, 2016లోనే, రస్ అల్ ఖైమా వారు భారత్-యూఏఈ పెట్టుబడుల రక్షణ ఒప్పందం పట్టుకుని అంతర్జాతీయ మధ్యవర్తిత్వానికి వెళ్లారు. సర్కారు మాట తప్పితే పెట్టుబడిదారుకు అంత పెద్ద వేదిక ఉంది. రోడ్డు వేస్తామన్న మాట తప్పితే గిరిజనుడికి ఉన్నది పాడేరు ఐటీడీఏలో ఇంకో అర్జీ.

నిలకడైన చట్టం కావాలనే దొరలకు ఒక శుభవార్త. గిరిజన భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే చట్టం 1970 నుంచే ఉంది, పేరు 1/70. మార్చమని అడుగుతున్నది మన్యం వాళ్లు కాదు. పక్కనే ఒడిశాలోని నియమగిరిలోనూ వేదాంత రిఫైనరీ ముందే కట్టేసింది. సుప్రీంకోర్టు చెప్పాక 2013లో బాక్సైట్ తవ్వకాలపై పన్నెండు గ్రామసభల్ని అడిగితే, పన్నెండూ వద్దన్నాయి. కాబట్టి అయ్యా, కొబ్బరికాయ కొట్టకముందే గ్రామసభను అడగండి. పరిహారాల కంటే అదే చవక.