డ్యాష్‌బోర్డు మీద దీపావళి

ముప్పై ఏళ్ళ కిందటి జీపు ఒకటి కొని, ముదురాకుపచ్చ రంగు వేయించి, అరకు తీసుకెళ్ళి, వలిసె పూల పసుపులో నిలబెట్టి ఫొటో తీయించుకోవడం విశాఖపట్నంలో ఇప్పుడొక వ్రతం. వ్రతమన్నాక ఉద్యాపన ఉండాలి కదా. దీనికి ఉద్యాపన మీటర్లు మార్పించడం.

పాత మీటర్లు పీకి ఆటోనగర్‌లో ఏదో మూల పడేస్తారు. వాటి చోట నీలం, ఎరుపు, ఊదా రంగుల్లో వెలిగే డిజిటల్ మీటర్లు కొలువు తీరతాయి. ఇంజిన్ వేడి, ఆయిల్ ఒత్తిడి, బ్యాటరీ వోల్టులు, ఇంజిన్ తిరిగే చుట్లు చూపించినా తృప్తి ఉండదు. సముద్రమట్టానికి ఎంత ఎత్తులో ఉన్నామో, బండి ముందుకెంత వాలిందో, పక్కకెంత ఒరిగిందో, ఏ దిక్కుకి పోతోందో కూడా కావాలి. తూర్పు కనుమలు ఎక్కేవాడికి తూర్పు ఎటో చెప్పే మీటరన్నమాట! తాళం తిప్పగానే అంకెలన్నీ ఒక్కసారి మెరుస్తాయి. ముళ్ళన్నీ ఆ చివరిదాకా పరిగెత్తి వెనక్కి వస్తాయి. చూసినవాడు ఇక బండి లేచిపోతుందనుకుంటాడు. స్టార్టరు రెండుసార్లు మూలిగి ఊరుకుంటుంది. బ్యాటరీ టెర్మినళ్ళకు పట్టిన తెల్ల బూజు మాత్రం ఎవరూ గీకలేదు మరి.

ఇదంతా దేనికండీ అని అడిగితే వచ్చే జవాబు ఒకటే: "సేఫ్టీ! ఘాట్ రోడ్డులో బండి పరిస్థితి ఎప్పటికప్పుడు తెలియాలి కదా." షోకు కోసమని ఒప్పుకుంటే నాకు పేచీ లేదు. ఎవరి డబ్బు వాళ్ళిష్టం, ఎవరి జీపు వాళ్ళ ముచ్చట. సేఫ్టీ పేరు చెప్పారు కనకనే ఈ వ్యాసం.

రెండో ప్రపంచయుద్ధం నాటి విల్లీస్ జీపులో ఉన్నవి ఐదు మీటర్లు: వేగం, పెట్రోలు, నీటి వేడి, ఆయిల్ ఒత్తిడి, ఆంపియర్లు. యుద్ధానికి ఆ ఐదూ చాలాయి. ఆ జీపునే 1940ల చివర్లో బొంబాయిలో బిగించడం మొదలుపెట్టిన మహీంద్రా వారు దాని సంతానాన్ని దశాబ్దాలపాటు మన మన్యం కొండల్లోకి పంపారు. యుద్ధానికి చాలిన మీటర్లు బొంగులో చికెన్ తినడానికి వెళ్ళేవాడికి చాలడం లేదు.

అసలు విషయం ఒకటుంది. మీటరు ఏదీ కొలవదు. కొలిచేది ఇంజిన్‌కు బిగించి ఉన్న సెన్సరు, ట్యాంకులో తేలే ఫ్లోటు. అవి పంపిన కబురు మోసుకొచ్చేది ముప్పై ఏళ్ళ వైరు, దానికి ఆధారం తుప్పు పట్టిన ఎర్త్ బోల్టు. ఈ నలుగురిలో ఎవడు అబద్ధమాడినా డ్యాష్‌బోర్డు దాన్ని ఉన్నదున్నట్టు చదువుతుంది. పాత మీటరు అబద్ధాన్ని మసక ముల్లుతో చెప్పేది. కొత్తది దశాంశ స్థానంతో సహా చెబుతుంది. 87.4 డిగ్రీలు! ఆ పాయింటు నాలుగు చూశాక నమ్మనివాడు పాపాత్ముడు.

అన్నిటికన్నా ఘోరమైన అబద్ధం గురించి చెప్పుకోవాలి. వేడి కొలిచే సెన్సరు నీళ్ళలో మునిగి ఉంటేనే నిజం చెబుతుంది. గొట్టం చిట్లి రేడియేటర్ నీళ్ళన్నీ రోడ్డు పాలయ్యాయనుకోండి, సెన్సరు ఒట్టి గాలిలో, ఆవిరిలో మిగిలిపోతుంది. లోపల ఇనుము కాలిపోతున్నా అది తాపీగా తక్కువ వేడి చూపిస్తూ ఉండగలదు. హెడ్ గాస్కెట్ పోయే వేళకి డ్యాష్‌బోర్డు మీద చల్లటి నీలిరంగు. పాత ముల్లుకూ ఈ జబ్బు ఉంది, కాదనను. కానీ పాత ముల్లును నమ్మని డ్రైవరు ఘాట్ కింద ఓసారి, పైన ఓసారి బండి ఆపి, కింద తడి ఉందా అని వంగి చూసేవాడు. ఇరవై వేలు పోసిన మీటరు ఉన్నవాడు నడుం ఎందుకు వంచుతాడు?

అరకు ఎత్తులో నీళ్ళు త్వరగా మరుగుతాయట, అందుకని డిజిటల్ వేడిమీటరు తప్పనిసరట. ఈ శాస్త్రం కూడా వినిపిస్తోంది. మరుగుతాయి, నిజమే. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తు, నీళ్ళు 100 బదులు 97 డిగ్రీల దగ్గర మరుగుతాయి. తేడా మూడు డిగ్రీలు. మరి ఏడు పౌండ్ల ఒత్తిడి పట్టే మామూలు రేడియేటర్ మూత ఆ మరుగు స్థానాన్ని పదకొండు డిగ్రీల దాకా పైకి లేపుతుంది. మూత లోపలి రబ్బరు వాషరు ఎండి చిట్లితే ఆ పదకొండూ గోవిందా. కొండ మూడు డిగ్రీలు దోచుకుంటుందని మీటరు కొన్న మనిషి, పదకొండు డిగ్రీలు దోచుకునే మూతను తిప్పి చూడడు. మూతకు దీపాలు ఉండవు, పాపం.

ఇక డీజిల్ మీటరు. ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రహసనం. పాత మీటరులో ముల్లు మందకొడిది. లోపలి లోహపు పట్టీ వేడెక్కి వంగితే గానీ కదలదు. ఆ మందకొడితనమే దాని గుణం, ట్యాంకులో డీజిల్ ఎంత ఊగినా అది ఊగదు. చవకరకం డిజిటల్ మీటరుకు ఆ నిదానం లేదు. అరకు దారిలోని అనంతగిరి ఘాట్‌లో ప్రతి మలుపుకూ దానికి ఓ కొత్త జ్ఞానోదయం. ఎడమ మలుపులో ట్యాంకు నిండుకుండ, కుడి మలుపులో రిజర్వు, ఎత్తెక్కితే సగం, దిగితే ముప్పావు. గాలికొండ చేరేసరికి యజమాని ఐదారుసార్లు పేదవాడై మళ్ళీ ధనవంతుడవుతాడు. దీనికి తోడు కరెంటు నిరోధాన్ని కొలిచే ఓముల గొడవ. కొన్ని ఫ్లోట్లు ఖాళీ ట్యాంకుకు 240 ఓములు, నిండు ట్యాంకుకు 33 చూపిస్తాయి. కొన్ని ఖాళీకి 10, నిండుకు 180. ఒక జాతి మీటరు తెచ్చి ఇంకో జాతి ఫ్లోటుకు తగిలిస్తే ట్యాంకు నింపిన కొద్దీ ఖాళీ చూపిస్తుంది. సంబంధం కలిపేముందు గోత్రాలు అడగాలని మనవాళ్ళకు తెలుసు, మీటర్ల దగ్గరే మరిచారు. ఏజెన్సీ సర్వీసు జీపువాళ్ళు మాత్రం ట్యాంకు మూత తీసి పుల్ల ముంచుతారు. తడి ఎంతవరకు ఉంటే అంతవరకు డీజిల్. పుల్లకు ఓముల పట్టింపు లేదు.

ఎత్తు చూపే మీటరు గురించి ఎంత తక్కువ చెప్పుకుంటే అంత మంచిది, అయినా నోరూరుకోదు. అది గాలి ఒత్తిడి కొలిచే రకమైతే, వాతావరణం మారినా ఎత్తు మారినట్టే లెక్క. పీడనం 10 మిల్లీబార్లు తగ్గితే సుమారు 80 మీటర్లు ఎక్కినట్టు చూపిస్తుంది. బంగాళాఖాతంలో తుపాను లేస్తే చాలు, బీచ్ రోడ్డులో తాళం వేసి నిలబెట్టిన జీపు ఇంజిన్ ఆన్ చేయకుండానే కొండెక్కుతుంది. డీజిల్ ఆదా! ఎత్తు తెలుసుకోవాలని అంత తహతహ ఉంటే కొత్తవలస–కిరండూల్ రైలు ఎక్కి శిమిలిగుడలో తల బయటపెట్టండి. 996 మీటర్లని రైల్వేవాళ్ళే బోర్డు మీద రాసి పెట్టారు. దానికి ఫ్యూజు పోదు, తుపాను వచ్చినా మాట మార్చదు.

బండి ఎంత ఒరిగిందో చూపే మీటరు మరో వేడుక. ప్రమాదకరమైన కోణం వస్తే అది ఎర్రగా మెరుస్తుందట. ఆ ఎరుపు కనిపించే వేళకు చూసేవాడి తల ఏ దిక్కున ఉంటుందో మాత్రం చెప్పరు.

వేగం మీటరుకైనా చట్టం దన్ను ఉంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 117వది స్పీడోమీటరు ఉండాలనీ, పని చేసే స్థితిలో ఉండాలనీ అంటుంది. మరి మన వ్రతస్థులు చేసేదేమిటి? పెద్ద టైర్లు వేయిస్తారు. పెద్ద టైరు ఒక్కో చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది, కానీ గేర్‌బాక్సు నుంచి వచ్చే కేబులుకు ఆ సంగతి తెలియదు. మీటరు నలభై అంటుంటే బండి నలభై ఐదులో ఉంటుంది. కొత్త డిజిటల్ పళ్ళెంలో టైరు సైజు సరిచేసే అవకాశం సాధారణంగా ఉంటుంది, సరిచేసేవాడు అరుదు. దానిలో ఒక సౌకర్యాన్ని మాత్రం అందరూ మెచ్చుకుంటారు: కిలోమీటర్ల లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. రెండు లక్షల కిలోమీటర్లు తిరిగిన ముసలి జీపు రాత్రికి రాత్రి కొత్త పెళ్ళికూతురై అమ్మకానికి నిలబడుతుంది. సేఫ్టీయే మరి, అమ్మేవాడికి.

అలాగని ఎదుటి పక్షం వారిని కూడా వదలను. "మా డ్రైవరుకు మీటర్లెందుకండీ, చెవితో విని చెప్పేస్తాడు" అని మురిసిపోయేవాళ్ళు ఒక జట్టు. డుంబ్రిగుడ సంతకో, హుకుంపేటకో పోయే కమాండర్ జీపు చూడండి. లోపల పట్టినంతమంది, పైన పసుపు బస్తాలు, పిప్పళ్ళ మూటలు, వెనక నిచ్చెనకు వేలాడే కుర్రాళ్ళు. మీటరు సంగతి అడిగితే, "దానికి జొరమొచ్చి సానా దినాలైంది బాబూ, పడుకుంది" అని డ్రైవరు నవ్వేస్తాడు. వినడానికి హాయిగా ఉంటుంది. కానీ ఆ ముల్లు పడుకుంది డ్రైవరు జ్ఞాని అయినందుకు కాదు. బాడుగ డబ్బుల్లో డీజిల్, అప్పు వాయిదా పోగా సెన్సరుకు మిగలనందుకు. అతని చెవిని మెచ్చుకుని వదిలేయడం మనకు ఖర్చులేని పని. నగరం జీపులో పనికిరాని పది మీటర్లూ, సంత జీపులో పని చేయని ఒకే ఒక్క మీటరూ ఒకే ఘాట్ మీద ఎదురుపడుతుంటాయి. రెండో దానిలోనే ఎక్కువమంది ప్రాణాలుంటాయి.

జీపుల వాళ్ళనే ఎందుకనాలి, డ్యాష్‌బోర్డు మోజు సర్కారుకు మాత్రం లేదా? 2017లోనే వెలగపూడి సచివాలయంలో గోడంత తెరలు పెట్టి రియల్ టైమ్ గవర్నెన్స్ అన్నారు. రాష్ట్రంలో ఏ మూల ఏం జరిగినా అంకెల్లో కనిపిస్తుందన్నారు. ఆ తెరలు వెలిగిన తర్వాత కూడా ఈ కొండల్లో నిండు గర్భిణులను డోలీ కట్టి మోసుకొచ్చిన వార్తలు ఆగలేదు. దారే లేని ఊరి నుంచి తెరకు కబురు మోసే వైరు ఏది? 2025 ఏప్రిల్‌లో ‘అడవితల్లి బాట’ అని డుంబ్రిగుడ మండలం పెదపాడులో రోడ్ల పనులు మొదలుపెట్టారు. మంచిదే, వైరింగు పని అంటే అదీ. అది పూర్తయ్యే దాకా తెర మీది పచ్చదీపాన్ని నేను నమ్మను.

మళ్ళీ జీపుకు వద్దాం. ఘాట్ ఎక్కడంలో భయం తక్కువ. మహా అయితే నీళ్ళు మరిగి, పొగలు కక్కి బండి ఆగుతుంది, మనుషులు దిగి మిరపకాయ బజ్జీలు తింటారు. భయం దిగడంలో ఉంది. ఘాట్ పైన గాలికొండ నుంచి కింద కాశీపట్నం దాకా దిగేటప్పుడు డీజిల్ కలిసొస్తుందని న్యూట్రల్‌లో వదిలి, బ్రేకు మీదే కాలు ఉంచి వచ్చేవాళ్ళున్నారు. డ్రమ్ములు కాలతాయి, లైనర్లు పట్టు వదులుతాయి. బ్రేకు ఆయిల్‌ది ఇంకో కథ. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. గాలిలో తేమ పీల్చి పాతబడితే ఆ హద్దు 140కి పడిపోవచ్చు. మరిగితే పైపుల్లో ఆవిరి బుడగలు చేరతాయి. తొక్కితే పెడల్ నేలకు తగులుతుంది, బండి మాత్రం వినదు. ఈ సంగతి చెప్పే మీటరు ఆ పది రంగుల పళ్ళెంలో ఏదీ? లేదు. కాలుతున్న లైనరు వాసన ఒక్కటే హెచ్చరిక. దానికి కూడా అద్దాలు బిగించి, పాటలు పెట్టుకుని, ఏలకుల వాసన డబ్బా తగిలించుకుని అడ్డుపడతాం.

2021 ఫిబ్రవరి 12న హైదరాబాద్ నుంచి అరకు చూడ్డానికి వచ్చినవాళ్ళ బస్సు, తిరుగు దారిలో అనంతగిరి మండలం డముకు దగ్గర లోయలో పడింది. నలుగురు చనిపోయారు. బ్రేకులు పట్టలేదనే మాటే అప్పుడు వినిపించింది. ఆ రోడ్డు మీద నవ్వులాట ఆపాల్సిన చోటు అది.

కనక పాత బండి ఉన్న మహాశయులకు ఒక మనవి. అరకు ప్రయాణానికి ముందు ఎర్త్ బోల్టు విప్పి గీకించి బిగించండి. ఉన్న మీటరుకే సరిపోయే జాతి సెన్సరు, ఫ్లోటు వేయించండి. డీజిల్, వేడి ముళ్ళు రెండూ ఒక్కసారే పిచ్చిగా ఊగుతుంటే మీటర్లు పారేయకండి. ఆ రెంటికీ కలిపి కరెంటు సర్దే చిన్న వోల్టేజి స్టెబిలైజరు వెనక ఉందేమో, పోయిందేమో చూడండి. ఆంపియర్ మీటరు ఒక్కటి మార్చి వోల్టు మీటరు పెట్టుకుంటానంటే నేనూ చప్పట్లు కొడతాను. పాత దాని గుండా స్టార్టరుది తప్ప బండి కరెంటంతా పోతుంది, ముసలి వైర్లకు అగ్గి పుట్టించగలిగేది అదే. రేడియేటర్ మూత, గొట్టాలు కొత్తవి వేయండి. బ్రేకు ఆయిల్ మార్చండి, లైనర్లు చూడండి. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి. ఇన్ని చేయించాక డబ్బులు మిగిలితే ఆ రంగుల మీటర్లు నిక్షేపంగా పెట్టించుకోండి, కాదనేవాడెవడు? అయితే దానికి సేఫ్టీ అని మాత్రం పేరు పెట్టకండి.