కమిటీ నోటీసుకు ‘సుత్తి’ అను వ్యాఖ్య

అవతారిక

కొలిచెలమ మల్లినాథసూరి కాళిదాసు మూడు కావ్యాలకు రాసిన వ్యాఖ్యకు ‘సంజీవని’ అని పేరు పెట్టాడు. భారవికి రాసింది ‘ఘంటాపథం’, మాఘుడికి రాసింది ‘సర్వంకష’, శ్రీహర్షుడికి రాసింది ‘జీవాతువు’. వ్యాఖ్య ఏ పని చేయబోతోందో పేరులోనే తెలియాలని ఆ మహానుభావుడి పట్టుదల కాబోలు. ఆ మర్యాదను పాటించి, మా అపార్ట్‌మెంటు లిఫ్టు పక్కన అంటించిన నోటీసుకు నేను రాస్తున్న ఈ వ్యాఖ్యకు ‘సుత్తి’ అని నామకరణం చేశాను. మూలంలో మేకుల ప్రస్తావన ఉంది గనక పేరు సార్థకమే. మరో అర్థం తీసేవాళ్లు తీసుకోవచ్చు. శ్లేషకు కమిటీ అనుమతి అక్కర్లేదు.

ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మల్లినాథుడు ఒట్టు పెట్టుకున్నాడు. మొదటి ఒట్టు నేనూ పెట్టుకుంటాను. రెండోదానికి పూచీ పడలేను.

మూలము

‘‘అద్దెకున్నవారు గోడలకు మేకులు కొట్టరాదు. గుమ్మం ముందు చెప్పులు, కుండీలు, ముగ్గులు ఉండరాదు. బాల్కనీలో బట్టలు ఆరవేయరాదు. రాత్రి 9 తరువాత, ఉదయం 7కు ముందు దంచుట, రుబ్బుట చేయరాదు. చుట్టములు మూడు రోజులు మించి ఉన్నచో తెలియపరచవలెను. ఫ్లాటును మీ సొంత ఇంటివలె చూసుకొనవలెను. ఇట్లు, కమిటీ.’’

పాఠాంతరములు

వాట్సాప్ ప్రతిలో మొదట ‘దయచేసి’ అని ఉంది, చివర దండాల బొమ్మ ఉంది. లిఫ్టు ప్రతిలో ఈ రెండూ లేవు. పండితులు లిఫ్టు ప్రతినే ప్రాచీనమని ఎంచాలి, ఎందుకంటే కమిటీ మనసుకు అదే దగ్గరగా ఉంది. ఇవి కాక వాచ్‌మన్ నోటి ద్వారా వచ్చిన మూడో పాఠం ఒకటుంది: ‘‘మెల్లిగ కొట్టుకోండి సార్, ప్రెసిడెంటు సారు మధ్యాన్నం పండుకుంటడు, అప్పుడు మాత్రం వద్దు.’’ నోటీసు రాతలో ఉంది గనక స్మృతి. వాచ్‌మన్ మాట చెవిన పడింది గనక శ్రుతి. రెంటికీ విరోధం వస్తే శ్రుతిదే పైచేయి అని జైమిని ఏనాడో తేల్చాడు. కమిటీ వారు మీమాంస చదవకపోవడం వాచ్‌మన్ అదృష్టం.

వ్యాఖ్య

‘గోడ’, ‘మేకు’, ‘కొట్టుట’ అనే పదాలు తేలికవి. వదిలేస్తున్నాను. ‘అద్దెకున్నవారు’ అన్న చోట మాత్రం ఆగాలి. ఈ శాస్త్రానికి అధికారి ఎవరో ఇక్కడ తేలుతోంది. ఎదురు ఫ్లాటు ఓనరు వేసవంతా డ్రిల్లింగ్ మిషన్‌తో ఇంటీరియర్లు చేయించుకున్నాడు. ఆ మోతకు మా అల్మరాలో గాజుగ్లాసులు వాటంతటవే పక్కకు జరిగాయి. ఆయనకు ఈ సూత్రం వర్తించదు. ఓనరు చేస్తే ఇంటీరియర్, అద్దెవాడు చేస్తే డ్యామేజి.

ఇక అసలు విచారం. నిషేధమనేది ఎప్పుడు పుడుతుంది? కలంజం తినవద్దన్న వాక్యాన్ని పట్టుకుని మీమాంసకులు దీని మీద తరాల తరబడి వాదించుకున్నారు. వాళ్లు తేల్చిన వాటిలో మనకు పనికొచ్చే ముక్క ఒకటే. చేయబోయేవాడు ఉంటేనే వద్దనడానికి అర్థం. లిఫ్టులో ఏనుగును కట్టరాదని కమిటీ రాయలేదు, ఎవరూ కట్టరు గనక. మనిషి తన ఇష్టం కొద్దీ, ఎవరూ నేర్పకుండానే చేయబోయే పనిని ‘రాగప్రాప్తం’ అన్నారు. అంటే, నాలుగు గోడల మధ్య ఒక కుటుంబాన్ని దింపితే అది వెంటనే ఏమేం చేయబోతుందో కమిటీకి క్షుణ్ణంగా తెలుసు. ఈ నోటీసులో ‘రాదు’లన్నీ కొట్టేసి చదవండి. గోడకు మేకు. గుమ్మంలో చెప్పులు. కుండీ, ముగ్గు. ఆరేసిన బట్టలు. రోటి చప్పుడు. కదలని చుట్టాలు. ఇల్లంటే ఏమిటో ఇంతకన్నా పొందికగా చెప్పిన గృహ్యసూత్రం నేను చూడలేదు. ఆపస్తంబుడు కూడా ఇంత సంక్షిప్తంగా చెప్పలేదు.

మేకు సంగతి ముందు. మేకు లేకపోతే క్యాలెండరు లేదు. క్యాలెండరు లేకపోతే పాలు రాని రోజులు, పనిమనిషి నాగాలు, గ్యాసు బండ మార్చిన తేదీ, ఇవన్నీ ఎక్కడ రాస్తాం? ఫోనులో రాసుకోమంటారు. ఫోనును ఇంట్లో అందరూ దాటుకుంటూ వెళ్తూ చూడరు. అంటించే హుక్కులు వాడుకోండన్నాడు సెక్రటరీ. వాడాం. వానాకాలం రాగానే అవి పెయింటు పెచ్చుతో సహా ఊడాయి. మేకు అయితే చిన్న బెజ్జంతో పోయేది. మా తాతగారి ఫొటో ఇప్పుడు ఫ్రిజ్ మీద గోడకు చేరగిలబడి ఉంది. బతికుండగా ఆయన ఎవరింట్లోనూ చేరగిలబడి ఎరగడు.

ముగ్గుల సూత్రం మీద ఒక సందేహం. గుమ్మం ముందు స్టిక్కర్ ముగ్గుకు అభ్యంతరం లేదట. చెరగని ముగ్గు సాధువు, చెరిగే ముగ్గు చెత్త. బట్టల సూత్రానికి కారణం ఎలివేషన్. రోడ్డు మీద పోయేవాళ్లకు మా భవనం బ్రోషరులో ఉన్నట్టే కనిపించాలట. పోయేవాళ్లు పోతారు, మా తువ్వాళ్లు పడగ్గదిలో ఫ్యాను కింద ముక్కుతుంటాయి. దీని మీద ఎక్కువ రాయను, రోటి దగ్గరకు వెళ్లాలని నా తొందర.

దంచుట, రుబ్బుట

ఇక్కడ కమిటీ వారు తెలియకుండానే మనువు మీద చెయ్యి వేశారు. గృహస్థు ఇంట్లో ప్రాణులు చచ్చే తావులు అయిదు అని మనుస్మృతి మూడో అధ్యాయం చెబుతుంది: పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలూ రోకలీ, నీళ్లకుండ. వీటిని పంచసూనలు అన్నారు. ఆ పాపం పోవడానికే అయిదు మహాయజ్ఞాలు. చీమలకూ పక్షులకూ పిడికెడు వేయడం అందులో ఒకటి, అతిథికి అన్నం పెట్టడం మరొకటి. ఈ లెక్కన చూస్తే బియ్యప్పిండితో ముగ్గు వేసి చీమలకు పెట్టడం కూడా పొయ్యి దగ్గర జరిగిన దానికి చిన్న పరిహారమే. ఇప్పుడు వేసేది రాతిపొడి గనక చీమలు దాని జోలికి రావు, అది వేరే మాట. మనువుతో నాకు తగాదాలు చాలా ఉన్నాయి గానీ ఈ ఒక్కచోట ఆయన గడుసుతనం మెచ్చుకోవాలి. ఇంటిని గదులతో కొలవలేదు. చదరపు అడుగులతో కొలవలేదు. పనిముట్లతో కొలిచాడు. ఎక్కడ పనిచేస్తూ పనిచేస్తూ తెలియక తప్పులు జరుగుతాయో అది ఇల్లు. తప్పు జరగడానికి వీల్లేని చోటును మోడల్ ఫ్లాట్ అంటారు.

రోలు లేకుండా మన పెళ్లే మొదలుకాదు. రోలుకూ రోకలికీ తిరగలికీ పసుపు రాసి, ముత్తయిదువలు పసుపు దంచితే తప్ప పెళ్లి పనులకు శ్రీకారం చుట్టరు. ముహూర్తం తెల్లవారుజామున 4 గంటలకు పడితే? ఉదయం 7కు ముందు దంచరాదని కమిటీ. లగ్నం ఆగదని పంతులుగారు. పెళ్లిలో సన్నికల్లు తొక్కిస్తారు, రాయిలా స్థిరంగా ఉండమని. పదకొండు నెలల అగ్రిమెంటు మీద ఉన్న పిల్లను స్థిరంగా ఉండమనడం కొంత అన్యాయమే.

ఇంకా ముందుకు వెళ్దాం. పోతన భాగవతం దశమస్కంధంలో యశోద చిన్నికృష్ణుణ్ణి రోటికి కట్టింది. ఎంత తాడు తెచ్చినా రెండంగుళాలు తక్కువ. చివరికి తల్లి అలసట చూసి వాడే కట్టుబడ్డాడు. తరువాత ఆ రోలును ఈడ్చుకుంటూ జంట మద్దిచెట్ల మధ్య నుంచి దూరాడు. రోలు అడ్డం పడింది, చెట్లు కూలాయి. నారదుడి శాపం తగిలి చెట్లయి నిలబడ్డ కుబేరుడి కొడుకులు నలకూబరుడు, మణిగ్రీవుడు విడుదలై ఉత్తరదిక్కుకు పోయారు. ఈ ఘట్టాన్ని కమిటీ కళ్లతో చదివితే ఏముంది? విట్రిఫైడ్ టైల్స్ మీద బరువైన వస్తువును ఈడ్చుట. ఉమ్మడి స్థలంలోని రెండు చెట్లకు నష్టం. వేళ కాని వేళ భారీ శబ్దం. అనుమతి లేకుండా ఇద్దరు బయటివాళ్ల రాకపోకలు. నందుడి అడ్వాన్సు చాలదు.

నన్ను ఎప్పుడూ పట్టుకునేది వేరే విషయం. కృష్ణుడు పుట్టింది మథురలో, చెరలో. పెరిగింది రేపల్లెలో, ఒకరకంగా అద్దెబిడ్డగా. స్థిరపడింది ద్వారకలో. ఆ ద్వారక సముద్రం మధ్య విశ్వకర్మ కట్టిన గేటెడ్ కమ్యూనిటీ. దాని కోటలూ మేడలూ తోటలూ భాగవతం వర్ణించి వర్ణించి చెబుతుంది. ఎలివేషన్‌కు ఏ లోటూ లేదు. మరి మనం పిల్లలకు చెప్పుకునే కథలన్నీ ఎక్కడివి? కుండలు పగిలిందీ, వెన్న ఒలికిందీ, మన్ను తిన్నదీ, తాడుతో కట్టించుకున్నదీ రేపల్లెలో. ఉద్ధవుణ్ణి మథుర నుంచి రేపల్లెకు పంపి, వాళ్లెలా ఉన్నారో చూసి రమ్మన్నాడు. పుట్టిన చెరసాల ఎలా ఉందో చూసి రమ్మని ఎవరినీ పంపలేదు.

(ఎక్కడున్నాం? నోటీసు.)

కింది ఫ్లాటువాళ్లు ఫిర్యాదు చేసింది మా ఇంట్లో కందిపొడి దంచుతుంటే. మిక్సీలో వేసుకోవచ్చుగా అన్నారు. మిక్సీ మోత రోటి మోతకన్నా ఎక్కువని వాళ్లకూ తెలుసు. కానీ మిక్సీ చప్పుడు ఆధునికం, రోటి చప్పుడు పల్లెటూరు. వాళ్లకు అడ్డొచ్చింది చప్పుడు కాదు.

చుట్టముల సూత్రము

ఒక్కరాత్రి ఉండేవాడే అతిథి అని స్మృతి. కమిటీ మూడు రోజులిచ్చింది. ఈ విషయంలో మనువుకన్నా కమిటీయే ఉదారం, కాదనను. కానీ చుట్టం అన్న మాటకు ఎల్ల ఎక్కడ? పోయిన సంక్రాంతి తరువాత మా అమ్మ వచ్చింది. గేటు దగ్గర రిజిస్టరులో ‘విజిటర్’ అని రాసి, ఆధార్ అడిగి, ‘వచ్చిన పని’ గడి దగ్గర ఆపారు. ఏ పని మీద వచ్చారమ్మా అని. ఆవిడకు ప్రశ్న అర్థం కాలేదు. చివరికి వాచ్‌మనే ఆలోచించి ‘ఊరికే’ అని రాశాడు.

నాలుగో రోజున తెలియపరచవలసి వచ్చింది. తెలియపరచలేదు. దీన్ని నా మీద వాడుకోదలిచినవారు వాడుకోవచ్చు.

సొంత ఇంటివలె

అంత్యసూత్రం ఉపమాలంకారం. ఉపమేయం ఫ్లాటు, ఉపమానం సొంత ఇల్లు, ‘వలె’ ఉపమావాచకం. నాలుగోది సాధారణధర్మం, అంటే రెంటికీ ఉమ్మడిగా ఉండే లక్షణం. ఎంత వెతికినా అది దొరకదు. దొరకదని కమిటీయే పై అయిదు వాక్యాల్లో రుజువు చేసింది. సొంత ఇంట్లో మేకు కొట్టవచ్చు, బట్టలు ఆరేయవచ్చు, అమ్మను ఎన్నాళ్లయినా ఉంచుకోవచ్చు. ఇక్కడ ఏదీ కుదరదు. కాబట్టి ఇది ధర్మలుప్తోపమ. అలంకారశాస్త్రంలో ధర్మం లోపించిందంటే కవి దాన్ని పాఠకుడి ఊహకు వదిలాడని. ఇక్కడ లోపించిందంటే లోపించిందనే.

మరి వాక్యం వ్యర్థమా? మూలంలో ఏ మాటనూ వ్యర్థమని తోసేయకూడదు, అది వ్యాఖ్యాత ధర్మం. ముంగండ పండితరాయలు ‘రసగంగాధరం’లో ఉదాహరణలకు సొంత శ్లోకాలే వేసుకున్నట్టు, నేనూ నా సొంత ఉదాహరణే ఇస్తాను. ఇంతకుముందున్న ఇంట్లో ఒక్క మేకు కొట్టలేదు. ఖాళీ చేసేటప్పుడు ఆ ఓనరు పెయింటింగ్ కింద ఒక నెల అద్దె పట్టుకున్నాడు. ఆ పక్క పోర్షన్‌లో ఉన్నాయన గోడ జల్లెడ చేశాడు. ఆయన దగ్గరా ఒక నెల అద్దే పట్టుకున్నాడు. నిషేధాన్ని దాటితే ప్రత్యవాయం, అంటే పాపం, అన్నారు మీమాంసకులు. పాటించినా అదే ప్రత్యవాయమైతే దాన్ని ఏమంటారో వాళ్లు చెప్పలేదు. అటువంటి ఓనరును వాళ్లు చూడలేదు.

కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో నివాస గృహాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దె మించకూడదని ఉంది. మరమ్మతుల పట్టిక కూడా ఉంది. కుళాయి వాషర్లు మార్చుకోవడం అద్దెవాడి వంతు. గోడలకు వెల్ల వేయించడం, తలుపులకూ కిటికీలకూ రంగులు వేయించడం ఇంటాయన వంతు. ఈ మాట ఆయనతో అన్నాను. అది నమూనాయే కదండీ, రాష్ట్రాలు ఒప్పుకోవాలిగా అన్నాడు. నిజమే, నమూనాయే. ఆయన చట్టం బాగా చదివాడు, తనకు కావలసినంత మేర.

ఇక పదకొండు నెలలు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయించి తీరాలి. ఆ ఖర్చూ ఆ బాదరబందీ ఇద్దరికీ తప్పాలని 11 దగ్గర ఆపుతారు. అధికమాసం వచ్చిన ఏడు పంచాంగంలో 13 నెలలుంటాయి. మన అగ్రిమెంటులో ఎప్పుడూ 11. పన్నెండో నెలలో మనం ఎక్కడుంటామో ఓనరుకూ తెలియదు, మనకూ తెలియదు. అందుకే జాజి కుండీ కొనబోయిన మా ఆవిడ నర్సరీలో ఆగి, కొమ్మ నాటితే పూయడానికి ఎన్నాళ్లు పడుతుందని అడిగింది. కొనలేదు. ఆ కుండీ గుమ్మం ముందు ఎలాగూ నిషిద్ధమే అని నేను ఓదార్చాను. ఆ ఓదార్పు ఆవిడకు నచ్చలేదు.

ఫలశ్రుతి

ఈ వ్యాఖ్యను లిఫ్టు కోసం నిలబడి చదివినవారికి పార్కింగు, విన్నవారికి వేసవిలో మంజీరా నీళ్లు, వాట్సాప్ గ్రూపులో ముందుకు పంపినవారికి మెయింటెనెన్సు పెంపు నుంచి విముక్తి కలుగుగాక. వాచ్‌మన్‌కు దసరా మామూలు రెట్టింపు అగుగాక. రాసినవాడికి మాత్రం పెయింటింగ్ కింద పట్టుకున్న ఆ నెల అద్దె తిరిగి వస్తే చాలు. నగదైనా సరే, ఫోన్‌పే చేసినా సరే.