తుపాకీకి పర్దా

టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు నుంచి అర్హులైతే చాలు, లైసెన్సు లేకున్నా పిస్తోలు నడుముకు కట్టుకొని తిరగొచ్చు. పైకి కనిపించాలా, చొక్కా కింద దాగాలా అన్నది వాళ్లిష్టం.

మనకా వెసులుబాటు లేదు. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సున్న తుపాకీకైనా బజార్లో నిండా ముసుగుండాలి. కానీ ముసుగులో ఉన్నదాన్ని చూసి కాచిగూడ చౌరస్తాలో ఆటోవాలా కూడా పక్కకు జరగడే! అసలు బాధ అదీ.

అందుకే బరాత్‌లో మర్ఫా మోగగానే పర్దా తొలగుతుంది. బావమరిది గాల్లోకి పేలుస్తాడు, తమ్ముడు వీడియో తీస్తాడు, మేనత్త కొడుకు పాట జోడించి రీలు వదులుతాడు. ప్రాణాల మీదికి తెచ్చే సంబరాల కాల్పులకు ఆయుధ చట్టం 2019 సవరణ రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదంటే రెండూ రాసిపెట్టింది. సాక్ష్యానికి పోలీసులు ఠాణా గడప దాటక్కర్లేదు. పెళ్లివారే లొకేషన్‌తో సహా పంపిస్తున్నారు.

ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులు ఠాణాలో అప్పగించమంటారు. ఆ నియమమేదో పెళ్లిళ్ల సీజనుకూ పెట్టండి సార్. పార్టీల కన్నా వియ్యాలవారే ఎక్కువ కాలుస్తున్నారు!