మాజీ సైనికుల సంఘం పెట్టేవారికి ఎనిమిది సూత్రాలు

మన పల్లెల్లో పటాలానికి వెళ్లినవారికి కొదవ లేదు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరానికైతే ‘మిలిటరీ మాధవరం’ అన్న పేరే స్థిరపడింది. జవాను పదిహేనేళ్లో పదిహేడేళ్లో నౌకరీ చేసి, నలభై నిండకుండానే పింఛనుతో ఇల్లు చేరుతాడు. కార్గిల్ కొండలెక్కినవాడూ, శాంతిసేనతో శ్రీలంక వెళ్లొచ్చినవాడూ, సియాచిన్ చలికి కాలివేళ్లు పోగొట్టుకున్నవాడూ ఒకే టీకొట్టు దగ్గర పేపరు చదువుతూ కనిపిస్తారు. వీళ్లకో సంఘం ఉంటే బాగుండునని మీకు తోచిందా? సంతోషం. అయితే ఈ సూత్రాలు తు.చ. తప్పకుండా పాటించండి.

1. ముందు లెటర్‌హెడ్డు, తర్వాతే మనుషులు

2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం సంఘానికి ఏడుగురుంటే చాలు. గౌరవాధ్యక్షుడు, అధ్యక్షుడు, ఇద్దరు ఉపాధ్యక్షులు, కార్యదర్శి, సహాయ కార్యదర్శి, కోశాధికారి: ఏడుకు ఏడూ సరిపోయాయి. ఉత్త సభ్యుడు ఒక్కడూ మిగల్లేదని దిగులుపడకండి. ఉత్త సభ్యుడికి వేరే పని ఉండదు కనుక లెక్కలడుగుతాడు.

2. ర్యాంకును చావనివ్వకండి

ఆనరరీ కెప్టెన్ గారికి సోఫా, సుబేదార్ గారికి చేతుల కుర్చీ, హవల్దారుకు ప్లాస్టిక్ కుర్చీ. సిపాయికి ఎలాగూ నిలబడటం అలవాటే. ‘మేమంతా ఒకే బంకరులో పడుకున్నవాళ్లం కదండీ’ అని ఎవరైనా నసిగితే, అది యుద్ధమనీ ఇది సర్వసభ్య సమావేశమనీ తేడా చెప్పండి. వంట, క్షౌరం, దోబీ ట్రేడులవాళ్లు అసలు సైనికులే కారని మొదటి మీటింగులోనే తీర్మానించండి. ఇంత చేసినా చీలిక రాకపోతే కులం ఉండనే ఉంది. పదిహేనేళ్లు ఒకే లంగరులో తిన్నవాళ్లకు కూడా ఊరు దాన్ని పదిహేను రోజుల్లో గుర్తుచేసి పెడుతుంది.

3. సభలు ఘనంగా, మాటలు అతిథులవిగా

రోజులకు లోటు లేదు. జులై 26 కార్గిల్ విజయ దివస్, డిసెంబరు 7 సాయుధ దళాల పతాక దినం, డిసెంబరు 16 బంగ్లాదేశ్ యుద్ధ విజయ దినం. అన్నిటికన్నా శ్రేష్ఠం జనవరి 14. జనరల్ కరియప్ప 1953లో ఆ రోజున పదవీ విరమణ చేశారు కనుక దాన్ని మాజీ సైనికుల దినంగా జరుపుతున్నారు. మనకది భోగో సంక్రాంతో అవుతుంది. కాబట్టి పెద్ద సభ ఆ రోజే పెట్టండి. అల్లుళ్లూ పిండివంటలూ కోడిపందేలూ పోగా మిగిలిన నలుగురిని పతకాలతో ఎండలో నిలబెట్టి, ఎమ్మెల్యే గారి కారు కోసం ఎదురుచూడండి.

ఒక్క జాగ్రత్త. కార్గిల్ గురించి కార్గిల్ వెళ్లినవాడిని మాట్లాడనివ్వకూడదు. రోమాలు నిక్కబొడుచుకునేలా చెప్పడం అతనికి చేతకాదు. పక్కనే పడిపోయిన బిహారీ కుర్రాడి పేరొకటి చెప్పి, అక్కడే ఆగిపోతాడు. అవతల శాలువాలకు ఆలస్యం.

4. క్యాంటీనే కార్యక్రమం

సంఘం ఆఫీసులో చర్చించదగ్గ విషయం ఒకటే: ఈ నెల మిలిటరీ క్యాంటీన్ కోటాలో రమ్ము ఎన్ని సీసాలు? రాత్రిళ్లు నిద్ర పట్టక తాగేవాడు మీలో ఒకడు ఉండే ఉంటాడు. ‘మిలిటరీవాడు కదా, తాగడా మరి’ అని నవ్వేయండి. దీపావళి రాత్రి తలుపులు బిగించుకుని లోపల కూర్చునేవాడిని మర్నాడు టీకొట్టు దగ్గర ఆటపట్టించండి. అతన్ని మాజీ సైనికుల వైద్య పథకమైన ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్‌కి తీసుకెళ్లి, మానసిక వైద్యుడికి చూపించేలా రెఫరల్ రాయిద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. సంఘం పరువేం కావాలి?

5. కాగితాల జోలికి వెళ్లకండి

పింఛన్లన్నీ ఇప్పుడు ‘స్పర్శ్’ అనే ఆన్‌లైన్ వ్యవస్థలోకి వెళ్లాయి. ఏటా, చాలామందికి నవంబరులో, బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఇవ్వకపోతే పింఛను ఆగుతుంది. ఈసీహెచ్‌ఎస్ వైద్య పథకం 2003లో వచ్చింది. 1996 జనవరి 1కి ముందు రిటైరైన పింఛనుదార్లు దానికి చందా కట్టక్కర్లేదు. ఈ సంగతి తెలియక 1971 యుద్ధం చూసిన పెద్దాయన ప్రైవేటు ఆస్పత్రికి పొలం తాకట్టు పెడుతున్నా, మీరు చెప్పకండి. అందరికీ చెప్పుకుంటూ పోతే, అధ్యక్షుడికి మాత్రమే తెలిసిన విషయమంటూ ఏం మిగులుతుంది? జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్తే అధికారితో ఫొటో దిగి రండి. ఫారాలు అడగొద్దు.

6. భార్యలకు శాలువా, ఓటు కాదు

సైనికుడు పోయాక ఇంట్లో ఒక ఆడమనిషి మిగులుతుంది. డిశ్చార్జి బుక్కులో ఆమె పేరు లక్ష్మి, ఆధార్‌లో వెంకటలక్ష్మి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక. పుట్టినతేదీ మూడు కాగితాల్లో మూడు రకాలు. ఆ మూడూ సరిపోలేదాకా కుటుంబ పింఛను కదలదు. భర్త బతికుండగానే ఇలాంటివి సరిచేయించడం సులువు. అందుకే ఆయన బతికున్నంతకాలం ఆ ఊసెత్తకండి. తర్వాత ఆమెను వేదిక మీదికి పిలిచి ‘వీరనారి’ అని సన్మానించండి. ఆమె మైకు అడిగితే జాతీయగీతం మొదలుపెట్టండి.

7. కుర్రాళ్లను గడప తొక్కనివ్వకండి

2022లో మొదలైన అగ్నిపథ్ పథకంలో నాలుగేళ్లు చేసినవాళ్లలో పావువంతు మందిని మించి ఉంచుకోరు. తక్కినవాళ్లు పాతికేళ్లు దాటకముందో దాటగానో ఇంటికొచ్చేస్తారు. వాళ్లకు పింఛను లేదు, ఈసీహెచ్‌ఎస్ లేదు, మాజీ సైనికుడనే హోదా కూడా లేదు. ఉద్యోగం ఎలా వెతుక్కోవాలో చెప్పే పెద్దదిక్కు ఎవరికన్నా వాళ్లకే ఎక్కువ అవసరం. కనుక బైలాలో ‘పింఛనుదారులు మాత్రమే’ అని ఒక్క ముక్క రాయండి. గోల వదిలిపోతుంది.

8. సేవ కన్నా స్థలం మిన్న

ఆంధ్రాలో మాజీ సైనికులకిచ్చిన అసైన్డు భూమిని పదేళ్ల తర్వాత అమ్ముకోవచ్చు. ఈ పదేళ్లూ వేళ్లమీద లెక్కపెట్టుకుంటూ ఉండే రియల్ ఎస్టేట్ మిత్రుడొకరు ప్రతి మండలంలోనూ ఉంటారు. ఆయన్ని గౌరవ సలహాదారుగా వేసుకోండి. భవన నిర్మాణ నిధికి చందాలు మొదలుపెట్టండి. శంకుస్థాపన ఏటా చేయవచ్చు. ఎన్నికల ఏడాదిలో రెండుసార్లు.

చివరిగా ఒక హెచ్చరిక. మీ ఊళ్లో ఈపాటికే ఒక రిటైర్డు హవల్దారు ఉండి ఉంటాడు. నవంబరు వచ్చిందంటే అరుగు మీద కూర్చుని, ముసలివాళ్ల ముఖాలను తన ఫోనుకు చూపించి లైఫ్ సర్టిఫికెట్లు పంపిస్తుంటాడు. దరఖాస్తులు పూర్తిచేస్తాడు, తోడుగా పాలీక్లినిక్‌కి వెళ్తాడు, పొద్దుపోయేదాకా ఎవరో చెప్పేది ఊరికే వింటాడు. అతనికి బైలా లేదు, రసీదు పుస్తకం లేదు, బ్యానరు లేదు. ఇలాంటివాడు ఒక్కడున్నా మీ సంఘం అవసరమేమిటని జనం అడుగుతారు. వెంటనే అతన్ని పిలిచి దండ వేయండి, సంక్షేమ ఉపసంఘానికి కన్వీనర్ని చేయండి, ఏ పనికైనా కార్యవర్గం ముందస్తు ఆమోదం తప్పనిసరి అని తీర్మానించండి. వచ్చే నవంబరుకల్లా ఆ అరుగు ఖాళీ అయిపోతుంది, మీ సంఘం నిలబడుతుంది.