ఆదివారం ఇంటాయన

వారంలో ఆరు రోజులు ఆయన అద్దెకుంటాడు. ఏడో రోజు ఉప్మా తిని కారు తాళాలు అందుకున్నాడంటే పొద్దుగూకేలోగా ఆయనకు నాలుగైదు ఇళ్లు. ఒకటి తూర్పు ఫేసింగు, ఒకటి పార్కుకెదురుగా, ఒకటి కార్నర్ బిట్టు. చీకటి పడగానే వాటన్నిటినీ ఎక్కడివక్కడ వదిలేసి, మణికొండలో అద్దె ఫ్లాటుకొచ్చి కాళ్లు కడుక్కుంటాడు. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఏదైతేనేం, ఆఫీసులో అందరూ పిలిచేది ‘ఆదివారం ఇంటాయన’ అనే.

హైదరాబాద్‌కు పడమర దిక్కున ఇలాంటివాళ్లకు కొదవలేదు. అప్పా జంక్షన్ దాటి చేవెళ్ల రోడ్డెక్కితే మొయినాబాద్ చుట్టుపక్కల, చిన్న మంగళారం పొలాల్లో, రంగురంగుల జెండాలు పాతిన ఏ వెంచర్లో చూసినా ఒకరు తగులుతారు. తలకు టోపీ, ఎర్రమట్టి పట్టిన స్పోర్ట్స్ బూట్లు, చంకలో ప్లాస్టిక్ ఫోల్డరు, చేతిలో ఫోను, ఆ ఫోన్లో దిక్సూచి. నాలుగు హద్దురాళ్ల మధ్య నిలబడి ‘ఇది కిచెను, ఇది మాస్టర్ బెడ్రూము, ఇది పూజగది’ అని బూటు అంచుతో గీతలు గీస్తుంటారు. పూజగదిలో మేక మేస్తుంటే అదిలిస్తారు కూడా.

మనవాడి యాత్ర మొదలైంది ఇక్కడ కాదు, కోకాపేటలో. 2023 ఆగస్టులో అక్కడ ప్రభుత్వం వేసిన వేలంలో ఎకరం వంద కోట్లు దాటిందని పేపర్లో చదివిన పొద్దున ఆయన కాలిక్యులేటర్ తీసి, ఆ అంకెను 4,840 గజాలతో భాగించాడు. గజం రెండు లక్షల పైచిలుకు తేలింది. బ్యాంకులో ఉన్నవి పన్నెండు లక్షలు. అంటే గట్టిగా ఆరు గజాలు కూడా రావు.

“ఆరు గజాలకు చీరొస్తుంది, ఇల్లు రాదు,” అంది వాళ్లావిడ.

దాంతో నార్సింగికి జరిగాడు. అక్కణ్నుంచి అజీజ్‌నగర్, తర్వాత మొయినాబాద్, ఇప్పుడు చిన్న మంగళారం. అరవై లక్షలు దాటేది లేదని వెంకన్న మీద ఒట్టేసుకున్నాడు కాబట్టి బడ్జెట్ కదలదు, ఊరు కదులుతుంది. ఈ రోడ్డు మన్నెగూడ, పరిగి, కొడంగల్ మీదుగా బీజాపూర్ దాకా పోతుంది. మరో రెండేళ్లు ఇలాగే వెతికితే పిల్లాణ్ని కన్నడ మీడియంలో వెయ్యాల్సి వస్తుందని నా భయం.

ఆయన బడ్జెట్ గురించి కాస్త నిలబడి చెప్పుకోవాలి. అది ఎక్సెల్ షీట్లో ఉంటుంది, ఏడు రంగుల్లో ఉంటుంది. ఆఫీసులో ఎవరు మెచ్చుకున్నా మెచ్చుకోకపోయినా, ఆ షీటు చూసి మెచ్చుకోనివాడు లేడు. మొదటి వరుసలో ఇంటి ధర, అరవై లక్షలు. రెండో వరుసలో బ్యాంకు లోను. ముప్ఫై లక్షల నుంచి డెబ్బై అయిదు లక్షల లోపు అప్పుకు బ్యాంకులు ఇంటి విలువలో ఎనభై శాతం దాకా ఇవ్వొచ్చని రిజర్వు బ్యాంకు నిబంధన, కాబట్టి నలభై ఎనిమిది లక్షలు. మూడో వరుసలో సొంత డబ్బు, పన్నెండు లక్షలు. పన్నెండూ నలభై ఎనిమిదీ అరవై. లెక్క ఎంత చక్కగా కలిసిందంటే, ఆ రాత్రి ఆయన షీటును ఫోన్లో వాల్‌పేపరుగా పెట్టుకున్నాడు.

రిజిస్ట్రేషన్ ఖర్చు గుర్తొచ్చింది ఆర్నెల్ల తర్వాత. తెలంగాణలో 2021 జులై నుంచి స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు మూడూ కలిపి ఏడున్నర శాతం. అరవై లక్షలకు నాలుగున్నర లక్షలు. దీనికి బ్యాంకు అప్పివ్వదు, జేబులోంచి తియ్యాలి. కడుతున్న ఫ్లాటయితే అయిదు శాతం జీఎస్టీ, ఇంకో మూడు లక్షలు. ఏడున్నర లక్షల చిల్లు! మనవాడు కంగారు పడలేదు, షీట్లో కొత్త వరుసలు చేర్చాడు. ‘బోనస్’ ఒకటి, ‘పీఎఫ్’ ఒకటి, ‘బంగారం’ ఒకటి (ఇది లేత రంగులో ఉంటుంది, ఆవిడ కంటపడకుండా). చివరి వరుసలో ‘మామగారు’, పక్కన ప్రశ్నార్థకం. మామగారికి ఈ వరుస సంగతి ఇప్పటికీ తెలియదు. పండక్కి వచ్చినప్పుడు అల్లుడు తన బీపీ గురించి అంత శ్రద్ధగా ఎందుకు అడుగుతున్నాడో ఆయనకు అంతు పట్టదు.

ఇల్లాలి బడ్జెట్ కరెంటు బిల్లు వెనకాల ఉంటుంది, పెన్సిలుతో. నలభై ఎనిమిది లక్షలు ఇరవై ఏళ్లకు ఎనిమిదిన్నర శాతం వడ్డీతో తీసుకుంటే నెలకు కట్టాల్సింది సుమారు 41,650. దాన్ని 240 నెలలతో హెచ్చవేసి కింద గీత గీసింది. దగ్గర దగ్గర కోటి. జీతంలో మూడో వంతు దాటిన కంతు మనకొద్దు అని ఆవిడ సూత్రం. బ్యాంకువాళ్లు సగం దాకా ఇస్తామన్నారని ఈయన వాదన. “ఇచ్చేవాడు ఎంతైనా ఇస్తాడండీ, తిరిగి కట్టేది మనం,” అంటుంది. ఎక్సెల్ రాకపోతే మనిషి ఎంత సూటిగా ఆలోచిస్తాడో!

ఇక ఊరు ఎంచుకోవడం. అందరూ ఊళ్లో ఏముందో చూస్తారు, ఈయన ఏం రాబోతోందో చూస్తాడు. ట్రిపులార్ అనే రీజినల్ రింగు రోడ్డు వస్తుందట, నాలుగు లేన్ల రోడ్డు వస్తుందట, పెద్ద స్కూలొకటి వస్తుందట. మెట్రో కూడా రావచ్చట. రాబోయేవన్నీ ఒకేసారి వస్తే ఆ ఊళ్లో ఇళ్లకు చోటుండదన్న అనుమానం ఆయనకు రాదు. దూరాన్ని కిలోమీటర్లలో అడగడు, నిమిషాల్లో అడుగుతాడు. బ్రోకరు కూడా నిమిషాల్లోనే చెబుతాడు. “ఓఆర్ఆర్ కెల్లి పది నిమిషాలు సార్!” ఆ పది నిమిషాలు తెల్లవారుజామున, ఎదురుగా ఎవరూ రానప్పుడు కొలిచినవి.

చేవెళ్ల రోడ్డు పొడుగునా వందల మర్రిచెట్లున్నాయి. రోడ్డు వెడల్పు చెయ్యాలంటే అవి కొట్టేయాలా వద్దా అన్న పంచాయితీ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. మనవాడికి ఈ విషయంలో రెండు గట్టి అభిప్రాయాలున్నాయి. ఆ చెట్ల కింద ఫొటోలు దిగి ‘వీటిని కాపాడుకోవాలి’ అని రాసి స్నేహితులకు పంపుతాడు. కారెక్కగానే, రోడ్డు నాలుగు లేన్లు ఎప్పుడవుతుందని బ్రోకరుకు ఫోను చేస్తాడు.

అన్నిటికంటే పెద్ద ముడి 111 జీవో. ఇక్కడ దాన్ని ‘ట్రిపుల్ వన్’ అంటారు. 1908లో మూసీ పొంగి నగరాన్ని ముంచెత్తాక నిజాం హయాంలో రెండు జలాశయాలు కట్టారు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్, అంటే మన గండిపేట, 1920లో. ఈసీ నది మీద హిమాయత్‌సాగర్ 1927లో. వాటిలోకి వాన నీరు పారి వచ్చే నేల పాడు కాకూడదని 1996 మార్చి 8న 84 గ్రామాల్లో నిర్మాణాలకు కళ్లెం వేస్తూ ఈ జీవో ఇచ్చారు. మొయినాబాద్ మండలంలో ఊళ్లు బోలెడు ఆ జాబితాలో ఉన్నాయి. కొత్త లేఅవుట్లలో అరవై శాతం జాగా ఖాళీ స్థలాలకూ రోడ్లకూ వదలాలన్నది అందులో ఒక షరతు. 2023 మేలో అప్పటి మంత్రివర్గం జీవో ఎత్తేస్తున్నామని ప్రకటించింది. మొయినాబాద్ చేరాక ఆ సంగతి విన్న రాత్రి మనవాడికి నిద్ర పట్టలేదు. పక్క వెంచరు బ్రోకరుకూ పట్టలేదు, కారణాలు వేరు.

ఆ తర్వాతి ఆదివారం వీళ్లిద్దరి మధ్యా జరిగిన సంభాషణకు నేను సాక్షిని.

“ట్రిపుల్ వన్ ఉందా, పోయిందా?”

“పోయినట్టే సార్.”

“పోయినట్టేనా, పోయిందా?”

“పోతే గీ రేటుకు దొరుకుతదా సార్?”

దీనికి ఎదురు సమాధానం ఇప్పటిదాకా ఎవరూ కనిపెట్టలేదు. జీవో ఉంటే రేటు అందుబాటులో ఉంటుంది, కట్టుకోనివ్వరు. పోతే కట్టుకోనిస్తారు, రేటు అందదు. మనవాడికి కావలసింది జీవో ఉన్నప్పటి రేటూ, పోయిన తర్వాతి పర్మిషనూ. మధ్యలో గండిపేట నీళ్లు ఏమైపోతాయని అడిగితే, మణికొండలో తమ అపార్టుమెంటుకు ట్యాంకరు వస్తుందంటాడు. గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాదు వదలడని పాత సామెత. ఇప్పుడు ఆ నీళ్ల నెత్తిన ఇల్లు కట్టుకుంటే గానీ వదలడు.

ఒక్క విషయంలో మాత్రం ఆయన్ను మెచ్చుకోవాలి. ‘ప్రీలాంచ్ ఆఫర్’ అని, మొత్తం ఇప్పుడే కడితే సగం రేటుకే ఇస్తామని చెప్పి డబ్బు ఎగ్గొట్టినవాళ్ల చేతిలో నగరంలో ఎందరో చిక్కారు. రెరా చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేని ప్రాజెక్టును అసలు ప్రకటించకూడదు, అమ్మకూడదు. అగ్రిమెంటు రాయకుండా పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. ఇవన్నీ మనవాడికి కంఠతా వచ్చు. “రెరా నంబరు?” అంటాడు. “పెట్టినం సార్, వస్తది,” అంటారు. “వచ్చాకే వస్తా,” అంటాడు. అయితే అసలు రక్షణ చట్టంలో లేదు, ఆయన స్వభావంలో ఉంది. ఏదీ కొననివాణ్ని ఎవడు మోసం చెయ్యగలడు? మామిడి మొక్కలు నాటి, క్లబ్ హౌసు బొమ్మ చూపించి అయిదేసి గుంటల ఫామ్ ప్లాట్లు అమ్మజూపినవాళ్లు కూడా ఆయన దగ్గర ఓడిపోయారు. అయిదు గుంటలంటే 605 గజాలని వాళ్ల కంటే ముందే చెప్పి, వ్యవసాయ భూమికి నాలా మార్పిడి అయిందా, లింకు డాక్యుమెంట్లేవీ, ముప్ఫై ఏళ్ల ఈసీ తియ్యండని కూర్చుంటాడు. ఆ ఈసీలు తీసీ తీసీ ఒక బ్రోకరు వృత్తి మానేసి మీ సేవా కేంద్రం పెట్టుకున్నాడని ఆఫీసులో ఒక పుకారు.

చిన్న మంగళారంలో చాయ్ హోటల్ ముందు బల్ల మీద ఒక పెద్దాయన కూర్చుంటాడు. పక్కనే ఆయన పొలం, అందులో కూరగాయలు. మనవాడు చాయ్ తాగుతూ ఎప్పుడూ ఒకే ప్రశ్న వేస్తాడు.

“పెద్దాయనా, ఇక్కడ రేటు ఎందుకిలా పెరుగుతోంది?”

“మీరొస్తరు కద సారూ.”

“మేమెక్కడ కొన్నాం?”

“కొనుడెందుకు? ఐతారం వస్తే ఇరవై కార్లు ఆగుతయి. గన్ని కార్లు చూసినంక ఎవడు రేటు తగ్గిస్తడు? మీరు నాలుగు వారాలు ఇంటికాడ పన్నరనుకో, నాలుగు వేలు దిగుతది.”

రియల్ ఎస్టేట్ మీద ఇంతకంటే నిఖార్సైన విశ్లేషణ నేను ఏ పత్రికలోనూ చదవలేదు. మనవాడు మాత్రం దాన్ని విని, ‘స్థానికంగా డిమాండ్ బాగుంది’ అని ఫోల్డర్లో రాసుకున్నాడు.

ఇల్లాలు ఎప్పుడన్నా వెంట వస్తే దిక్సూచి చూడదు. బోరు ఎన్ని అడుగులకు పడింది, స్కూలు బస్సు ఎక్కడి దాకా వస్తుంది, రాత్రి పిల్లాడికి జ్వరమొస్తే దగ్గర్లో డాక్టరెవరు అని మూడు ముక్కలడుగుతుంది. ట్రిపులార్ ఎలైన్‌మెంటు గురించి గంటసేపు మాట్లాడగల బ్రోకరు ఈ మూడింటికీ తల గోక్కుంటాడు. అందుకే ఆవిడ కూడా వస్తోందంటే బ్రోకర్లు చూడవచ్చినవాళ్లకు పంచే మజ్జిగ ప్యాకెట్లు తగ్గించుకుంటారని వినికిడి.

తిరుగు దారిలో చిలుకూరు. అక్కడ బాలాజీకి హుండీ లేదు. కోరిక చెప్పుకుంటూ పదకొండు ప్రదక్షిణలు, తీరాక నూట ఎనిమిది. వీసా అడిగినవాళ్లకు ఇట్టే ఇస్తాడని పేరు. ఇల్లు అడిగే మనవాడి విషయంలో దేవుడికొచ్చిన ఇబ్బంది ఏమిటంటే కోరిక నిలకడగా ఉండదు. మొదటి ప్రదక్షిణలో డబుల్ బెడ్రూము, అయిదో దానికి త్రిబుల్, పదో దానికి వచ్చేసరికి ‘ఇండిపెండెంటు అయితే ఇంకా మంచిది స్వామీ, తూర్పు ఫేసింగు, అరవై లోపు’. ఇన్నేళ్లలో పదకొండ్లు చాలా అయ్యాయి. నూట ఎనిమిది చెయ్యాల్సిన అవసరం పడలేదు, మోకాళ్లు బాగానే ఉన్నాయి.

మొన్నటి ఆదివారం చిన్న మంగళారం వెంచర్లో షామియానా కింద కూర్చుని బ్రోకరు ఇచ్చిన లేఅవుట్ కాగితం తిప్పి చూస్తుండగా, పక్క కుర్చీలో ఇంకో టోపీ వచ్చి కూర్చుంది. టోపీ కింద ఉన్నది మణికొండ ఇంటి ఓనరు. మనవాడు నెలనెలా పంపే అద్దె తీసుకుని, ఆ డబ్బుతో ఇదే వెంచర్లో రెండు ప్లాట్లు ఎప్పుడో పట్టుకున్నాడట. మూడోదానికి వచ్చాడు.

“ఏం సార్, మీరు కూడా తీసుకుంటున్నరా?” అన్నాడు ఓనరు, పళ్లన్నీ కనపడేలా నవ్వి.

బ్రోకరు ఎదురుగా ఉన్నాడు. చూడ్డానికే వచ్చానని అంటే మర్యాదగా ఉండదు. “ఒకటి అనుకుంటున్నాం,” అన్నాడు మనవాడు.

“శానా సంతోషం. మీ దగ్గర పైసల్లేవేమో అని రెండేండ్ల సంది కిరాయి పెంచలే నేను. ప్లాటు కొనేటోళ్లకు రెండు వేలు ఒక లెక్కనా? వచ్చే నెల కెల్లి కలిపి పంపుండ్రి.”

“లెక్కేముందండీ,” అన్నాడు మనవాడు, గొంతులో మజ్జిగ అడ్డం పడుతుండగా.

ఆ రాత్రి ఎక్సెల్ షీటు తెరుచుకుంది. ‘బోనస్’కూ ‘పీఎఫ్’కూ మధ్య ఎర్ర రంగులో ఒక కొత్త వరుస పుట్టింది. చేవెళ్ల రోడ్డు పక్కన కొన్న గోంగూర గిల్లుతూ ఇల్లాలు అడిగింది.

“వచ్చే ఆదివారం ఎటండీ?”

“షాబాద్ వైపు. ఓనరుగారు అటు రారనుకుంటా.”